30 నిమిషాల సంధి ఎవరికి మేలు?

కాస్త పొడుగు పోస్టు. ఆదివారం మీటింగులో చెయ్యెత్తే ముందు ఓపిక చేసుకుని చదవమని మనవి.

ఉగాది పోటీల్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆటకు ఉపసంఘం ప్రతిపాదించిన మూడు నియమాలూ గ్రూపులో చూశాం. ఒకటి, మొదటి 30 నిమిషాలు ఎవరూ ఎవరిమీదా దాడికి పోకూడదు. రెండు, ఏనుగులు వాడకూడదు. మూడు, అందరూ ద్రావిడుల సివ్‌తోనే ఆడాలి. మూడింటికీ ఒకే కారణం రాశారు, 'బ్యాలెన్స్ కోసం' అని. ఈ మూడూ అమలైతే ఆటలో బ్యాలెన్స్ అన్నదే మిగలదని మా వాదన. మేమంటే మడివాళ నుంచి ఆడుతున్న ఎనిమిది మందిమి. ఆడవాళ్ళం ఉన్నాం, మగవాళ్ళం ఉన్నాం, పాతవాళ్ళం ఉన్నాం, మొన్న మొన్న పీజీలో దిగి సంఘంలో చేరినవాళ్ళమూ ఉన్నాం.

ఆట తెలియని పెద్దలకు రెండు ముక్కలు. 1999లో వచ్చిన ఆట ఇది. 2019లో కొత్త హంగులతో మళ్ళీ విడుదలైంది. ఒక టౌన్ సెంటరూ, కొద్దిమంది పనివాళ్ళూ ఇస్తారు. తిండి, కలప, బంగారం, రాయి కూడబెట్టుకుంటూ, యుగం తర్వాత యుగం దాటుతూ, సైన్యం కట్టి ఎదుటివాణ్ణి ఓడించాలి. ఆడేవాడు ఎంచుకునే రాజ్యాన్ని సివ్ అంటారు. ఒక్కో సివ్‌కు ఒక్కో బలం, ఒక్కో లోటు. మన సంఘంలో ఇంజనీరింగ్ హాస్టల్లో గడిపినవాళ్ళు చాలామంది లాన్ కేబుళ్ళు లాక్కుని ఇది ఆడినవాళ్ళే. 'నో రష్' అనే మాట మనకు ఆ గదుల్లోనే అలవాటైంది. రేపు పరీక్ష పెట్టుకుని ఈ రాత్రి సరదాగా ఆడుకోవడానికి అది బాగానే ఉంటుంది. కప్పు పెట్టి పేర్లు రాయించుకున్న పోటీకి పనికిరాదు.

ఎందుకంటే, లెక్క చూడండి. నైట్ అనే గుర్రపు వీరుడికి 60 తిండి, 75 బంగారం. ఈటెగాడికి 35 తిండి, 25 కలప, బంగారంతో పనే లేదు. ఒకడికొకణ్ణి నిలబెడితే నైట్ గెలుస్తాడు. అలాగని నైట్ ఎక్కువా, ఈటెగాడు తక్కువా? ఈటెగాడికి గుర్రాల మీద అదనపు దెబ్బ ఇచ్చారు, నైట్‌కైన ఖర్చులో ఇద్దరు ఈటెగాళ్ళు వస్తారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఈటెగాడు రెండో యుగంలోనే దొరుకుతాడు, ఆ యుగంలోకి పోవడానికి 500 తిండి చాలు. నైట్ కావాలంటే మూడో యుగం దాకా ఆగాలి, దానికి మరో 800 తిండి, 200 బంగారం పొయ్యాలి. ఆ కూడబెట్టేంతసేపూ మీ ఊరు కావలి లేని చేనులా ఉంటుంది. ఎదుటివాడు నలుగురు విలుకాళ్ళను తీసుకొచ్చి మీ కట్టెలు కొట్టేవాళ్ళను చెదరగొట్టొచ్చు. ఆ భయమే నైట్ అసలు ఖరీదు. అరగంటపాటు ఎవరూ రారని మనమే సంధి రాసిచ్చేస్తే ఆ ఖరీదు సున్నా అయిపోతుంది. ఆట తయారుచేసినవాళ్ళు ఏళ్ళతరబడి దిద్దుకుంటూ వచ్చిన తూకంలో ఒక పళ్ళెం కిందనుంచి రాయి లాగేసినట్టే. తొందరగా బలపడే సివ్‌లు అక్కరకు రావు. ఆలస్యంగా బలపడేవి ఊరికే గెలుస్తాయి. ఎవరు ఏ సివ్ తీసుకుంటారో, ఎవరు గెలుస్తారో మ్యాచ్‌కు ముందే చెప్పెయ్యొచ్చు.

'ఇదంతా కొత్తవాళ్ళను కాపాడటానికే' అని గ్రూపులో ఒక అన్న రాశారు. ఉద్దేశం మంచిదే, కాదనం. కానీ ఈ నియమంతో ముందు మునిగేది ఆ కొత్తవాళ్ళే. అరగంట ఎవరూ అడ్డుపడకుండా ఊరు కట్టుకోమంటే చెయ్యి తిరిగినవాడు వందమందికి పైగా పనివాళ్ళను దించుతాడు, కొత్తవాడు యాభై దగ్గర తడుముకుంటుంటాడు. 31వ నిమిషంలో నలభై గుర్రాలు ఒక్కసారి వచ్చి పడతాయి. ఆ పిల్లాడికి తను ఎక్కడ తప్పాడో కూడా తెలియదు. అదే పన్నెండో నిమిషంలో ముగ్గురు విలుకాళ్ళ చేతిలో దెబ్బ తింటే, రెండో ఆటకు ఇద్దరు ఈటెలు విసిరేవాళ్ళను ముందే తయారుచేసుకుంటాడు. మధ్యాహ్నం భోజనాలలోపు మూడు ఆటలు ఆడతాడు. మా ఎనిమిది మందిలో ముగ్గురు పోయినేడు సరిగ్గా ఇలాగే, ఒక్కో ఆటకు గంటంబావు కూర్చుని, ఒక్క దెబ్బకు ఇంటికి పోయినవాళ్ళు. వాళ్ళతోపాటు ఓడిన ఇంకో నలుగురు ఈసారి పేరే ఇవ్వలేదు. ఆ నలుగురూ సంఘంలో మరే కార్యక్రమానికీ రావడం లేదన్నది అసలు బాధ.

ఇక ఏనుగుల కథ. పోయినేడు ఆఖరి మూడు ఆటలూ ఏనుగులతోనే ముగిశాయి కాబట్టి ఈసారి ఏనుగులు వద్దంటున్నారు. ఆ ఏనుగులు ఎందుకు గెలిచాయో ఎవరైనా అడిగారా? యుద్ధపుటేనుగు ఖరీదైనది, నత్తనడక నడుస్తుంది. ఈటెగాళ్ళు గుంపుగా మీదపడితే కూలుతుంది. మంత్రం వేసే సన్యాసి దొరికితే మావటివాడితో సహా అవతలి పక్షానికి పోతుంది. మామూలు మైదానం మ్యాపులో ఏనుగులు కూడబెట్టేలోపే ఆట తేలిపోతుంది. మనం పెట్టింది బ్లాక్ ఫారెస్ట్, చుట్టూ అడవి, సన్నటి దారులు. దానికితోడు అరగంట సంధి. చుట్టూ తిరిగి రావడానికి దారి లేదు, ముందే చెదరగొట్టడానికి అనుమతి లేదు. అలాంటి చోట ఏనుగు కాక ఇంకేది గెలుస్తుంది? నియమంతో ఏనుగును పెంచి, మళ్ళీ ఆ ఏనుగు బలిసిందని నియమం పెడుతున్నాం. వచ్చే ఏడు ఇంకేదో గెలుస్తుంది, దాన్నీ తీసేస్తాం. చివరికి పనివాళ్ళు పొలం దున్నుకుంటుంటే చూసి చప్పట్లు కొట్టాలి.

క్రికెట్‌తో చెప్తే పెద్దలకు తేలికగా ఉంటుందేమో. 2023లో ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చింది, బ్యాటింగు బలిసింది. 2024 ఏప్రిల్ 15న మన చిన్నస్వామిలోనే సన్‌రైజర్స్ 287 కొట్టింది. (ఆ రాత్రి మనలో సగంమంది ఏ జెండా పట్టుకోవాలో తెలియక నలిగిపోయారు, అది వేరే సంగతి.) అప్పుడు సిక్సర్లు నిషేధించాలని ఎవరైనా అన్నారా? ఆ సీజన్‌లోనే ఓవరుకు రెండు బౌన్సర్లు వేసుకోవచ్చని బౌలర్లకు వెసులుబాటు ఇచ్చారు. అది చాలిందా లేదా అని వాదించుకోవచ్చు. దారి మాత్రం సరైనది. ఒకటి బలిసినప్పుడు దాని విరుగుడుకు చోటివ్వాలి.

మూడో నియమం దగ్గర అభిమానం అడ్డొస్తుందని తెలుసు. ద్రావిడులు 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియాతో ఆటలోకి వచ్చారు. 'మనవాళ్ళు వచ్చారు, మనం వాళ్ళతోనే ఆడాలి' అంటున్నారు. ఆటలో వాళ్ళు మాట్లాడేది తమిళం, కథ రాజేంద్ర చోళుడిది, కాకతీయులకు వేరే సివ్ లేదు. దాని మీద అలిగి 'అయితే అసలు వద్దే వద్దు' అన్నవాళ్ళూ ఉన్నారు. రెండు వాదనలూ అనవసరం. మడివాళ సోమేశ్వరాలయం గోడల మీద కూడా తమిళ శాసనాలే ఉన్నాయి, రోజూ దాని పక్కనుంచే కూరగాయలకు పోతున్నాం. అభిమానపడాలంటే ఆ సివ్‌లోనే మనకు ఒకటుంది. వూట్జ్ స్టీల్ అనే విద్య నేర్పితే వాళ్ళ కాలిబంటుల కత్తికి ఎదుటివాడి కవచం అడ్డురాదు. ఆ ఉక్కును మూసల్లో కరిగించిన పేరున్న ఊళ్ళలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పారశీక వర్తకులు దాన్ని కొనడానికి అంతదూరం వచ్చేవాళ్ళు.

అయితే ఆ ఉక్కు ఊరికే ఇవ్వలేదు. ద్రావిడులకు నైట్‌లు లేరు. మేలుజాతి గుర్రాలు దక్షిణాదికి సముద్రం మీద దిగుమతి కావాల్సి వచ్చేవి కాబట్టి ఆ లోటు చరిత్రకూ దగ్గరగానే ఉంది. ఆ లోటుకు బదులుగా యుగం దాటినప్పుడల్లా కొంత కలప ఉచితంగా ఇచ్చారు, కాలిబలం విద్యలు చవక చేశారు, నీళ్ళ మీద బలం ఇచ్చారు, ఏనుగులు ఇచ్చారు. అయినా మైదానం మ్యాపుల్లో వెనకబడుతుంటే తర్వాతి ప్యాచుల్లో ఇంకొంచెం పెంచారు. వాళ్ళతోపాటే వచ్చిన గుర్జరులు మొదట్లో మరీ బలంగా ఉంటే వాళ్ళను తగ్గించుకుంటూ వచ్చారు. బ్యాలెన్స్ అంటే ఈ ఓపిక. ఇప్పుడు ఉపసంఘం రెండో నియమాన్నీ మూడో నియమాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. గుర్రం ఆట ఇవ్వలేదు, ఏనుగును మనం తీసేశాం. మిగిలిందేమిటి? అందరం అదే కాలిబలంతో అరగంట తర్వాత అదే అడవి సందులో గుద్దుకోవడం.

'ఇద్దరికీ ఒకటే ఇస్తే సమానమే కదా' అనేవాళ్ళు ఒకసారి మన పులిజూదం గుర్తుచేసుకోండి. పాత మండపాల బండల మీద చెక్కి ఉంటుంది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటి చంపుతుంది, మేక ఎవరినీ చంపలేదు. పులికి కదిలే చోటు లేకుండా చేస్తే మేకలదే ఆట. అమ్మమ్మలు మేకలు పుచ్చుకుని మనల్ని ఎన్నిసార్లు కట్టెయ్యలేదు! అన్యాయమని బోర్డు మీద తొమ్మిది పులులు, తొమ్మిది మేకలు పెట్టి ఎవరూ ఆడలేదు. ఇద్దరి చేతుల్లోనూ వేరువేరు ఆయుధాలుండి, గెలిచే దారి ఇద్దరికీ ఉంటే చాలు.

నిజంగా అసమానం ఎక్కడుందంటే జోడీలు కట్టడంలో. పోయినేడు చీటీలు తీశారు. పదేళ్ళుగా ఆడేవాడికి పది రోజులవాడు పడ్డాడు. ఈ ఆటలో ప్రతివాడికీ చదరంగంలోలాగే ఈలో రేటింగు ఉంటుంది. ఇద్దరి మధ్య 200 పాయింట్లు తేడా ఉంటే పైవాడు నాలుగింట మూడు గెలుస్తాడని ఆ పద్ధతి అంచనా. 400 తేడా ఉంటే పదింట తొమ్మిది. సంక్రాంతి బరి దగ్గర కూడా కోళ్ళ బరువు చూసి జోడీ కడతారు. పందేలు మంచివని అనడం లేదు, ఆ పాటి ఇంగితం మనకూ ఉండాలంటున్నాం.

కాబట్టి ఆదివారం మూడు నియమాల మీదా విడివిడిగా ఓటింగు పెట్టండి, ఒకే మూటగా కట్టొద్దు. మా సవరణలు ఇవీ: రేటింగు 1000 లోపు వాళ్ళకు వేరే విభాగం, మిగతావాళ్ళకు దగ్గరి రేటింగులతో జోడీలు. సంధి లేదు. మైదానం, అడవి, నీళ్ళు, మూడు రకాల మ్యాపులూ వారం ముందే ప్రకటించాలి. ప్రతి ఆటకూ ఇద్దరూ చెరో రెండు సివ్‌లను వద్దనుకోవచ్చు. ఏనుగు భయం ఉన్నవాళ్ళు ఆ రెండింటిలో వాటిని కొట్టేసుకోండి, ఎవరూ ఏమీ అనరు. మొదటి ఆట మొదలయ్యాక ఏ నియమమూ మారకూడదు, ఎవరు ఓడినా సరే.

పేరు ఇవ్వని ఆ నలుగురితో మేం మాట్లాడాం. చిన్న విభాగం పెడితే వస్తామన్నారు. లాప్‌టాప్ లేనివాళ్ళ కోసం మా దగ్గర రెండు ఉన్నాయి, మౌసులతో సహా. శనివారం సాయంత్రం ఆరు తర్వాత ఎవరొచ్చినా నేర్పిస్తాం.