కొట్టుకుపోయిన తూమే మళ్లీ ఎందుకు?

అమెరికాలో వరద అంటే మనవాళ్లకు 2017లో హ్యూస్టన్‌ను ముంచిన హార్వీ తుపానే గుర్తొస్తుంది. పల్లెల్లో కథ వేరు. ఇల్లు మునగకముందే దారి పోతుంది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వెర్మాంట్ రాష్ట్రం మీద పడితే 13 ఊళ్లకు బయటి లోకంతో సంబంధం తెగిపోయింది. 2024 సెప్టెంబరులో హెలీన్ నార్త్ కరోలినా కొండల్లో అదే పని చేసింది. ఇంటర్‌స్టేట్ 40 అంతటి రోడ్డే ఒక పక్క పిజియన్ నదిలోకి జారిపోయిందంటే ఇక పల్లె దారుల సంగతి చెప్పాలా?

డిప్లొమా చదివి సైట్ల మీద సూపర్‌వైజర్లుగా బతుకుతున్న మాలాంటి వాళ్లకు ఇందులో ముందు కనిపించేది తూము. రోడ్డు కింద చిన్న పైపు వేస్తారు. మామూలు వానకు సరిపోతుంది. పెద్ద వానకు కొమ్మలు, రాళ్లు వచ్చి దాని మూతికి అడ్డం పడతాయి. నీళ్లు రోడ్డెక్కి అవతలి పక్కకు దూకి మట్టిని కోసేస్తాయి. అంతే, రోడ్డు ఉండదు. పైపు వ్యాసం రెట్టింపు చేస్తే నీళ్లు పోయే జాగా నాలుగింతలవుతుంది. పెద్ద ఇంజనీర్లే చెప్పాలా ఈ లెక్క? అయినా వరద తగ్గాక చాలాచోట్ల పోయిన సైజు పైపే మళ్లీ తెచ్చి పూడ్చేస్తారు!

తొందర ఒక్కటే కారణం కాదు, డబ్బు తిరకాసు కూడా ఉంది. ఇక్కడి విపత్తుల సంస్థ ఫెమా మామూలుగా ముందు ఎలా ఉందో అలా కట్టడానికే డబ్బిస్తుంది. పెద్దది కట్టాలంటే, ఆ కొలతల ప్రమాణాలను వరదకు ముందే రాతపూర్వకంగా ఆమోదించి ఉండాలి. ఐరీన్ తర్వాత వెర్మాంట్‌లో ఈ ఖర్చు మీద ఫెమాతో పెద్ద పేచీయే నడిచింది. ఆ తర్వాత రాష్ట్రం ప్రమాణాలు మార్చింది. వాగు ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండా పారేటప్పుడు ఎంత వెడల్పో అంత జాగా వదలాలన్నది దాని సారం. తమాషా ఏమిటంటే, అక్కడి గ్రీన్ మౌంటెన్ అడవిలో చేపలు ఎదురీదడానికని అలా వెడల్పుగా కట్టినవి ఐరీన్‌కు చెక్కుచెదరలేదు. 2023 జులైలో మళ్లీ వరదలొస్తే, ఐరీన్ తర్వాత పెద్దవిగా కట్టినవి చాలావరకు నిలబడ్డాయి.

మన దగ్గర? 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు చేసింది చూశాం. కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. ఇక్కడ మనవాళ్లు వెంటనే చందాలు పోగుచేసి బియ్యం, దుప్పట్లు పంపారు. మంచిదే, ఆకలి ఆగదు. కానీ మర్నాటి నుంచి పిల్లలు బడికి, గర్భిణులు ఆస్పత్రికి వెళ్లే దారి మాటేమిటి? ఊరి మొదట్లో తాతల పేర్లతో ఆర్చీలు కట్టిస్తున్నాం కదా, దాని కింద నుంచి వెళ్లే రోడ్డు ఏటా వాగులో పోతుంటే ఆర్చీ ఎవరి కోసం?

రోడ్డు పని సర్కారుదే, కాదనం. కానీ అంచనాలు తయారయ్యేటప్పుడు, పాత కొలతే రాయొద్దని పంచాయతీ తీర్మానం చేసి అడగొచ్చు. వాగు ఎక్కడిదాకా నిండిందో ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. ఆ గుర్తులు చూపించి, ఒడ్డు నుంచి ఒడ్డుకు టేపు పట్టించి, ఫొటోలు తీసి ఇంజనీరుకు ఇప్పించండి. ఆ కొలతలు మాకూ పంపితే పాత తూము ఎంత తక్కువపడిందో లెక్క వేసిస్తాం. ఆదివారాలు మాకు సెలవే.