ఆ పసుపు లైటు సంగతేంటి?

మీ హాస్టల్లో గోడకి ఫైర్ అలారం ప్యానెల్ ఉంటుంది కదా, ఈసారి దాని ముందు ఒక్క నిమిషం ఆగండి. ఎర్ర లైటు వెలిగితే నిప్పు. పసుపు లైటు వెలిగితే ఫాల్ట్. నేను ఇదివరకు ఉన్న ఒక హాస్టల్లో పసుపు లైటు నెలల తరబడి వెలుగుతూనే ఉండేది. బజర్ మోగగానే వాచ్‌మెన్ తాత సైలెన్స్ బటన్ నొక్కేసేవాడు. ఆయన్ని అనడానికి లేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. మేమూ నిద్ర చెడకపోతే చాలనుకున్నాం.

మామూలు ప్యానెల్లో రెండు వైర్లు ఒక డిటెక్టర్ నుంచి ఇంకో డిటెక్టర్‌కి వెళ్తాయి. చివర్లో ఒక రెసిస్టర్. దాని గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ పారుతుంటుంది. వైరు తెగితే అది ఆగి పసుపు లైటు వెలుగుతుంది. అంటే తెగిన చోటు తర్వాత ఉన్న డిటెక్టర్లన్నీ లేనట్టే. అక్కడ పొగొచ్చినా ప్యానెల్‌కి తెలీదు.

అడ్రసబుల్ సిస్టమ్‌లో వైరు చుట్టూ తిరిగి మళ్ళీ ప్యానెల్‌కే వస్తుంది. కాబట్టి ఒకచోట తెగినా రెండో వైపు నుంచి పని నడుస్తుంది. షార్ట్ అయితే మాత్రం మొత్తం లూప్ పడిపోతుంది. అందుకే మధ్యమధ్యలో ఐసోలేటర్లు పెడతారు. షార్ట్‌కి అటూ ఇటూ ఉన్నవి తెరుచుకుని, ఆ ముక్కని మాత్రమే విడదీస్తాయి.

మా గుండుగొలనులో గాలివానకి కరెంటు పోతే లైన్‌మ్యాన్ గారు చేసేదీ ఇదే. ఏబీ స్విచ్ లాగి పాడైన వైపు విడదీసి, మిగతా వాళ్ళకి కరెంటు ఇచ్చేస్తారు. తర్వాత తెగిన చోటు వెతుకుతారు. అలారం లైన్లో వెతకడమైతే మనకి తెలిసిన బైనరీ సెర్చే. మధ్యలో లైను విడదీసి రెసిస్టర్ అక్కడ పెడితే, ఏ సగం బాగుందో తెలిసిపోతుంది. 16 డిటెక్టర్లున్నా నాలుగైదు సార్లు చూస్తే చాలు.

ఊరికే మోగే అలారాన్ని ఎవరు నమ్ముతారు అంటారేమో. నిజమే. కానీ ఊరికే మోగుతోందంటే బాగుచెయ్యాలి, నోరు నొక్కకూడదు.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళే. ప్రాణం తీసింది పొగ. పొగ దగ్గర ఒక్కో నిమిషమూ లెక్కే.

ప్యానెల్ విప్పమని చెప్పట్లేదు, అది టెక్నీషియన్ పని. పసుపు లైటు కనిపిస్తే ఫోటో తీసి వార్డెన్ గారికి పంపండి. చివరిసారి టెస్ట్ చేసిన తేదీ రిజిస్టర్లో ఉందా అని అడగండి. వారం తర్వాత మళ్ళీ అడగండి. వైఫై పోతే గంటలో పది మెసేజ్‌లు పెడతాం కదా, దీనికి రెండు పెట్టలేమా?