చేపల తొట్టి నుంచి చెరువు మరవ దాకా

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టిలో లెక్క ప్రకారం దాదాపు 57 లీటర్ల నీరు పడుతుంది. అడుగున పరిచే గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే మిగిలేది ఇంచుమించు 45 లీటర్లు. నీటి మొక్క వేళ్లను పట్టుకుని వచ్చిన ఒక్క నత్త కొన్ని నెలల్లో వందలు కావడానికి ఈ 45 లీటర్లు చాలు. ఎందుకు పెరుగుతాయో తెలియకుండా తగ్గించబోతే ముందు చచ్చేవి చేపలు. తగ్గించాక వాటిని ఎక్కడ పారబోస్తామన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

ఇళ్ల తొట్లలో సాధారణంగా కనిపించే నత్తలు మూడు రకాలు. చుట్ట చుట్టిన పళ్లెంలా ఉండేది ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్. దీన్ని చక్ర నత్త అందాం. ఇది మన చెరువుల్లో ఉన్నదే. పలుచని గుల్లతో, గింజంత ఉండేది ఫైసెల్లా అక్యూటా, అంటే బుడగ నత్త. ఉత్తర అమెరికా నుంచి ప్రపంచమంతా పాకింది. సన్నగా, కోసుగా ఉండి పగలంతా గులకరాళ్ల కింద దాక్కునేది మెలనాయిడిస్ ట్యూబర్‌క్యులేటా, అంటే సూది నత్త.

మొదటి రెండూ ఉభయలింగ జీవులు. ఒకే నత్తలో స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉంటాయి. తోడు దొరక్కపోతే తన గుడ్లను తానే ఫలదీకరించుకోగలదు. సూది నత్తల్లో ఆడవి మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. దీన్ని అనిషేక జననం అంటారు. కాబట్టి తొట్టిలోకి ఒక్కటే వచ్చిందన్నది ధైర్యం చెప్పుకోదగ్గ విషయం కాదు.

ఇక వేగం. చక్ర నత్త ఎదిగి గుడ్లు పెట్టాలంటే నీరు 15 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉండాలి. 30 డిగ్రీల దగ్గర ఒక్కో నత్త 800 దాకా గుడ్లు పెట్టగలదు. దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మన మదనపల్లెలో చలికాలపు రాత్రులు చల్లగానే ఉంటాయి. అయినా ఇంట్లో తొట్టి నీరు 15 డిగ్రీలకు దిగడం అరుదు, హీటర్ ఉంటే ఆ అవకాశమే లేదు. తక్కువలో తక్కువ లెక్క వేద్దాం. తరానికి 40 రోజులు పడుతుందని, ఒక్కో నత్తకు ఐదు పిల్లలే బతుకుతాయని అనుకుందాం. 40 రోజులకు ఒకటి ఆరవుతుంది, 80 రోజులకు 36, 120 రోజులకు 216.

ఈ లెక్క అలా పెరుగుతూనే పోదు. ఒక దశలో ఆగుతుంది, ఆపేది మేత. చేపలు తినగా అడుగున మిగిలిన మేత, కుళ్లిన ఆకు, గాజుకు పట్టిన పాచి ఎన్ని నత్తలను పోషించగలవో సంఖ్య అక్కడే నిలుస్తుంది. అంటే నత్తల సంఖ్య తొట్టిలో మిగులు ఆహారానికి కొలమానం. 200 నత్తల్లో 150 తీసేసి మేత మాత్రం అంతే వేస్తే, మిగిలిన 50 ఆ ఖాళీని మళ్లీ నింపుతాయి. గుల్ల కట్టుకోవడానికి కావలసిన కాల్షియం మన బోరు నీళ్లలో పుష్కలంగా ఉంది.

అన్నింటినీ ఒకేసారి చంపేద్దామనుకునేవారు ఇంకో లెక్క చూడాలి. ఒక్కో నత్తలో 0.05 గ్రాముల మాంసం ఉంటే 200 నత్తలకు 10 గ్రాములు. అందులో పదోవంతు ప్రోటీన్ అనుకుంటే ఒక గ్రాము. ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని, అంటే 160 మిల్లీగ్రాములు. కుళ్లినప్పుడు ఇదంతా అమ్మోనియాగా మారితే 45 లీటర్లలో లీటరుకు 3.6 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని చేరుతుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం రూపం చేపలకు అంతగా హాని చేయదు. విడి అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో విడి అమ్మోనియా వాటా 0.6 శాతం, పీహెచ్ 8 ఉంటే 5.4 శాతం. క్షారగుణం ఉన్న బోరు నీటిలో పీహెచ్ 8కి చేరడం వింత కాదు. అప్పుడు విడి అమ్మోనియా లీటరుకు 0.19 మిల్లీగ్రాములు. 0.05 దాటితే చాలు, మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది.

టమోటా పండించే మదనపల్లె ప్రాంతంలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చాలా ఇళ్లలో అందుబాటులో ఉంటుంది. నత్తలను అది చంపుతుందన్నది నిజమే. కానీ అందులోని రాగి మూలకం, విరిగిపోయి మాయం కాదు. గులకరాళ్లకు, అడుగు మట్టికి అంటుకుని నిలుస్తుంది. పీహెచ్ తగ్గినప్పుడు మళ్లీ నీటిలోకి వస్తుంది. నత్తల నివారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన నిక్లోసమైడ్ సైతం చేపలకు విషమే. ఈ రెండూ నత్తను చంపి చేపను వదిలే మందులు కావు.

పని చేసేది నిదానమైన పద్ధతి. రోజుకు ఒకసారి, చేపలు రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి. రాత్రి దీపం ఆర్పాక ఒక కీరదోస ముక్కను అడుగున ఉంచి, తెల్లవారేసరికి దాని మీద చేరిన నత్తలతో సహా తీసేయాలి. వారానికి ఒకసారి సైఫన్ గొట్టంతో గులకరాళ్ల మధ్య మడ్డి లాగి, పావు వంతు నీరు మార్చాలి. గాజు మీద, ఆకుల అడుగున జిగురులా కనిపించే గుడ్ల ముద్దలను గీకేయాలి. కొత్త మొక్కను నెల రోజులు వేరే పాత్రలో ఉంచి, గుడ్లు పొదిగి వచ్చిన పిల్లలను ఏరేశాకే తొట్టిలో పెట్టాలి. ఇలా చేస్తే పెద్ద నత్తలు తగ్గుతాయి, మేత లేక కొత్త తరం నిలదొక్కుకోదు.

తీసిన నత్తలు, మడ్డినీరు ఎక్కడికి వెళ్తాయన్నదే అసలు ఆందోళన. పశువుల్లో గురక వ్యాధికి కారణమైన షిస్టోసోమా నాసాలే అనే రక్తపు పురుగును 1933లో ఎం.ఎ.ఎన్. రావు వర్ణించారు. జబ్బు పడిన పశువు ముక్కు చీమిడితో ఈ పురుగు గుడ్లు నీటిలో పడతాయి. వాటి నుంచి వచ్చిన పిల్లలు చక్ర నత్తలో చేరి, అక్కడ సంఖ్య పెంచుకుని, తిరిగి నీటిలోకి వచ్చి, చెరువులో దిగిన పశువు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. తొట్టిలో పుట్టిన నత్తకు ఈ పురుగు ఉండదు. చెరువులో పడ్డ నాటి నుంచి మాత్రం అది పురుగుకు మరో ఇల్లు. పుంగనూరు ఆవుకు పేరు తెచ్చిన ప్రాంతంలో, పాడి మీద బతికే ఊళ్లలో, దీన్ని చిన్న విషయంగా తీసుకోలేం.

నీటి దారులు కూడా మారాయి. మదనపల్లె మీదుగా పారే బాహుదా చెయ్యేరు ద్వారా పెన్నలో కలుస్తుంది. కుప్పం నీరు పాలారుది. ఒక చెరువు మరవ (అలుగు) పారితే కింది చెరువు నిండడం మన గొలుసుకట్టు పద్ధతి. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం నుంచి కృష్ణా జలాన్ని పుంగనూరు మీదుగా కుప్పానికి తెచ్చింది. 2025 ఆగస్టు 30న పరమసముద్రం చెరువు దగ్గర ఆ నీటికి హారతి ఇచ్చారు. కుప్పం శాఖా కాలువ కింద 110 చెరువులు నింపాలన్నది లక్ష్యం. కరువు సీమకు ఈ నీరు ఎంతో అవసరం. అదే నీరు, ఒకప్పుడు వేర్వేరుగా ఉన్న పరీవాహక ప్రాంతాల జీవులకు దారి కూడా.

గాజు శుభ్రం చేస్తుందని అక్వేరియం దుకాణాల్లో అమ్మిన దక్షిణ అమెరికా సక్కర్ చేపను ఇప్పుడు ఆంధ్ర జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. గట్లు తొలిచి గూళ్లు పెడుతుంది, ముళ్ల కవచంతో వలలు చింపుతుంది. తూర్పు కనుమల నీటి వనరుల్లో దాని ఉనికిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పర్యావరణ డీఎన్ఏ పద్ధతిలో, అంటే జీవులు నీటిలో వదిలే కణాల ఆనవాళ్లతో, పసిగట్టారు. 2024 లివింగ్ ప్లానెట్ నివేదిక ప్రకారం ప్రపంచంలో పరిశీలనలో ఉన్న మంచినీటి జీవుల సమూహాలు 1970–2020 మధ్య సగటున 85 శాతం క్షీణించాయి. పరాయి జీవుల చొరబాటు దానికి ఒక కారణం.

అందుకే తీసిన నత్తలను, గుడ్లను, పాత మొక్కలను మరిగే నీటిలో వేసి, తర్వాత మట్టిలో పూడ్చాలి. తొట్టి నీటిని వంకకు, మురుగు కాలువకు దూరంగా కుండీలకు, పాదులకు పోయాలి. పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, చెరువులో వదలకూడదు. 45 లీటర్ల తొట్టిలో నత్తలను అదుపు చేయడానికి మేత తగ్గించి కొన్ని వారాలు ఓపిక పడితే సరిపోతుంది. చెరువులో స్థిరపడిన పరాయి జీవిని పూర్తిగా తీసేయడం మాత్రం చాలా కష్టం.