కొత్త గోల్ఫర్‌కు కోణమే కొలత

గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు ఐరన్ల సెట్టు కొనడానికి వెళితే ఇప్పుడు జరిగేది దాదాపు ఒకటే. వల ముందు నిలబెట్టి ఏడో నంబరు ఐరన్ చేతికిస్తారు. నాలుగు బంతులు కొట్టించి, ఎంత దూరం వెళ్లాయో తెర మీద చూపిస్తారు. పాత క్లబ్బు కంటే కొత్తది పది పదిహేను గజాలు ఎక్కువ చూపిస్తే బేరం కుదిరినట్టే. ఆ గజాలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో కొత్తవాళ్లు అన్నిటికంటే చివర చూడాల్సింది ఆ దూరం. ముందుగా చూడాల్సినవి రెండున్నాయి: బంతి క్లబ్బు మధ్యలో తగలనప్పుడు కలిగే నష్టాన్ని ఆ ఐరన్ ఎంత తగ్గిస్తుంది, నెమ్మదైన స్వింగ్‌తో కూడా బంతిని తగినంత ఎత్తుకు లేపి గ్రీన్ మీద ఆగేలా చేస్తుందా.

మొదటిదాని సంగతి చాలావరకు తేలిపోయింది. బంతి, క్లబ్బు ఒకదానికొకటి తగిలి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ కాస్త సమయంలో దెబ్బ మధ్యకు పక్కగా పడితే క్లబ్బు హెడ్ మెలి తిరుగుతుంది, బంతి వేగం పోతుంది, దారి తప్పుతుంది. బ్లేడు అని పిలిచే సన్నటి ఐరన్లలో ఉక్కు బరువు ఎక్కువగా మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఈ మెలిక ఎక్కువ. వెనక భాగాన్ని తొలిచి, ఆ బరువును అంచుల వైపు జరిపితే మెలిక తగ్గుతుంది. తాడు మీద నడిచే మనిషి పొడవాటి గడ పట్టుకునేది కూడా ఈ సూత్రం మీదే. పుటర్లలోనూ ఐరన్లలోనూ ఈ ఆలోచనను బలంగా ముందుకు తెచ్చిన కార్స్టెన్ సోల్‌హైమ్ నార్వేలో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసినవాడు. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాడు. 1959లో పింగ్ సంస్థను స్థాపించాడు. 1982లో వచ్చిన ఆ సంస్థ ఐ2 ఐరన్లను సాధారణ ఆటగాళ్లే కాదు, వృత్తి ఆటగాళ్లూ వాడారు. ఆలస్యంగా ఆట మొదలుపెట్టిన మనిషి చేతుల మీదుగా ఈ మార్పు వచ్చిందన్నది మరిచిపోకూడని విషయం. తప్పు దెబ్బ ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు.

బ్లేడుతో నేర్చుకుంటేనే స్వింగ్ కుదురుతుందనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. టైగర్ వుడ్స్ ఆడేది బ్లేడులతోనే కదా అంటారు. ఆయన ప్రతిసారీ దాదాపు ఒకే చోట కొట్టగలడు, అందుకే ఆ క్లబ్బు ఆయనకు సరిపోతుంది. కొత్త ఆటగాడి దెబ్బలు క్లబ్బు ముఖమంతా చెల్లాచెదురుగా పడతాయి. బ్లేడుతో దెబ్బ పక్కకు పడితే చేతికి కొట్టే జిల్లే పాఠం నేర్పుతుందనీ అంటారు. ఆ జిల్లు తప్పు జరిగిందని చెబుతుంది గానీ అది భుజాల వల్లా, బరువు మారకపోవడం వల్లా, బంతికి మరీ దగ్గరగా నిలబడడం వల్లా అన్నది చెప్పదు. దెబ్బ ఎక్కడ పడిందో తెలియాలంటే క్లబ్బు ముఖం మీద కాస్త పౌడరు చల్లితే చాలు. దానికోసం సెట్టంతా కష్టమైనది కొననక్కర్లేదు.

అసలు పేచీ లాఫ్ట్‌తో వస్తుంది. లాఫ్ట్ అంటే క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం. నలభై ఏళ్ల కిందట ఏడో నంబరు ఐరన్ కోణం 35, 36 డిగ్రీల చుట్టుపక్కల ఉండేది. ఇప్పుడు కొత్తవాళ్లకని అమ్మే సెట్లలో 28 నుంచి 30 డిగ్రీలు మామూలైపోయింది. ఆనాటి లెక్కలో అది ఐదో నంబరు. షాఫ్ట్ పొడవూ కాస్త పెరిగింది. ఏ నంబరుకు ఎంత కోణం ఉండాలో గోల్ఫ్ నియమాలు ఎక్కడా చెప్పవు, కాబట్టి ఇందులో నిషిద్ధమేమీ లేదు. కానీ తెర మీద కనిపించిన అదనపు గజాలలో పెద్ద భాగం ఇక్కడి నుంచే వచ్చింది. సెట్టు కింది కొసలో దీని ఫలితం తెలుస్తుంది. పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలకు దిగింది, శాండ్ వెడ్జ్ మాత్రం 56 దగ్గరే ఉంది. గ్రీన్‌కు దగ్గరగా, కొత్తవాళ్లు ఎక్కువ స్ట్రోకులు పోగొట్టుకునే చోట, పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని నింపడానికి మరో వెడ్జ్ కొనాలి.

తయారీదారుల దగ్గర దీనికి సమాధానం ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. ఇప్పటి ఐరన్లలో బరువు బాగా కిందికి దించారు, ముఖం పలచన చేశారు, అందువల్ల కోణం తగ్గినా బంతి పైకే లేస్తుంది అంటారు. బయలుదేరే ఎత్తు వరకు అది నిజం. గ్రీన్ మీద బంతి ఆగడానికి అదొక్కటే చాలదు, వెనక్కి తిరిగే స్పిన్ కావాలి, వేగమూ కావాలి. కోణం తగ్గితే స్పిన్ తగ్గుతుంది, ఆ లోటును వేగం పూడ్చాలి. ట్రాక్‌మ్యాన్ రాడార్ కొలతల ప్రకారం పీజీఏ టూర్ పురుషుల ఏడో ఐరన్ క్లబ్బు వేగం సగటున గంటకు సుమారు 90 మైళ్లు, ఎల్పీజీఏ మహిళలది సుమారు 76 మైళ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది 76కు కూడా చేరరు. అలాంటివాళ్ల చేతిలో 28 డిగ్రీల ఐరన్ బంతిని తక్కువ ఎత్తులో పంపుతుంది. గ్రీన్ ముందు పడితే దొర్లుకుంటూ వెళుతుంది, మీద పడితే అవతలికి దాటుతుంది.

వేగం చాలుతుందో లేదో తేలికగా పట్టుకోగల పరీక్ష ఒకటుంది. కొనే ముందు ఏడో నంబరు ఒక్కటే కాకుండా ఐదు, తొమ్మిది కూడా కొట్టి చూడాలి. ఐదో నంబరు బంతి, ఏడో నంబరు బంతి ఇంచుమించు ఒకే చోట పడుతున్నాయంటే ఆ ఐదో ఐరన్‌ను లేపేంత వేగం ఇంకా రాలేదని అర్థం. దాని బదులు హైబ్రిడ్ గానీ సెవెన్ వుడ్ గానీ తీసుకుంటే పని జరుగుతుంది. క్రికెట్ ఆడి వచ్చిన కుర్రాళ్లలో కొందరి వేగం మొదటి రోజు నుంచే బాగుంటుంది. వాళ్లకు తక్కువ లాఫ్ట్ అంత హాని చేయదు. దెబ్బ కుదురు రానంతవరకు అంచుల్లో బరువున్న హెడ్ మాత్రం వాళ్లకూ అవసరమే. వెడల్పు సోల్, అంటే క్లబ్బు అడుగుభాగం, కూడా సాధారణంగా మేలు, నేలలోకి దిగబడకుండా జారుతుంది. ఎండాకాలంలో గట్టిపడ్డ మన నేలల మీద మరీ వెడల్పు సోల్ బంతి కిందికి దూరకుండా ఎగిరిపడుతుంది కాబట్టి చాప మీద మాత్రమే కొట్టి నిర్ణయించుకోకూడదు.

స్వింగ్ రేపు మారుతుంది, ఇవాళే కొలతలెందుకు అని మరో అభ్యంతరం. స్వింగ్ మారినా మనిషి ఎత్తు, మణికట్టు నుంచి నేలకున్న దూరం మారవు. క్లబ్బు పొడవును, నేలతో అది చేసే లై కోణాన్ని వాటిని బట్టి అంచనా వేస్తారు. ఈ కోణం తప్పితే మంచి స్వింగ్‌కు కూడా బంతి ఎడమకో కుడికో పోతుంది. నేర్చుకునేవాడు తన చేతుల్ని అనుమానించి, ఉన్న స్వింగ్‌ను చెడగొట్టుకుంటాడు. మారేది షాఫ్ట్ అవసరం. ఐరన్లలో వాడే స్టీల్ షాఫ్ట్ చాలావరకు 95 నుంచి 130 గ్రాములుంటుంది, గ్రాఫైట్ అంతకంటే బాగా తేలిక. అది ఎంచుకోవాల్సింది వేగాన్ని బట్టి. ‘లేడీస్’, ‘సీనియర్’, ‘రెగ్యులర్’ అన్న ముద్ర చూసి కొంటే బలంగా కొట్టే అమ్మాయికి మెత్తటి షాఫ్ట్, నెమ్మదిగా కొట్టే మగవాడికి బిరుసైనది దక్కుతాయి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన దంపతుల బిడ్డ సాహిత్ తీగల 2023లో పీజీఏ టూర్‌లో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అతన్ని చూసి ఆటలోకి వచ్చే తెలుగు పిల్లలు అతని బ్యాగులో ఉన్నవే కావాలనడం సహజం. కానీ అవి అతని స్వింగ్‌కు కొలిచి అమర్చినవి.

ఖర్చు మాటకొస్తే, నియమాలు చెప్పిన పద్నాలుగు క్లబ్బులు గరిష్ఠం మాత్రమే. ఒక హైబ్రిడ్, ఏడు, తొమ్మిది ఐరన్లు, రెండు వెడ్జ్‌లు, ఒక పుటర్‌తో మొదటి ఏడాది నిక్షేపంగా గడుస్తుంది. ఎవరో వాడి అమ్ముకున్న పదిహేనేళ్ల నాటి క్యావిటీ (వెనక తొలిచిన) ఐరన్లు గ్రిప్పులు మారిస్తే చాలావరకు కొత్తవాటిలాగే పనిచేస్తాయి. వాటిలో చాలా సెట్ల కోణాలు ఇప్పటివాటి కంటే ఎక్కువ కూడా. నకిలీవి తిరుగుతున్నాయి కాబట్టి తెలిసిన కోచ్‌కో, క్లబ్బు ప్రొఫెషనల్‌కో చూపించి కొనడం మంచిది.

దుకాణాలవాళ్లనూ తయారీదారులనూ అడగాల్సింది ఒకటుంది. వెడ్జ్‌ల మీద 52, 56, 60 అని డిగ్రీలు చెక్కే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఐరన్ల మీద కూడా నంబరు పక్కన అదే చెక్కవచ్చు. అంకెలు చూసి కొత్తవాళ్లు గందరగోళపడతారని అంటారేమో. వెడ్జ్ కొనేటప్పుడు పడని గందరగోళం ఐరన్ దగ్గర ఎందుకు పడతారు? అది జరిగేదాకా హైదరాబాద్, విశాఖల్లో క్లబ్బులు అమ్మేవాళ్లు ప్రతి సెట్టుకూ లాఫ్ట్ పట్టిక రాసి గోడకు అంటించవచ్చు. తెర మీద దూరం చూపించే ముందు ఆ పట్టిక చూపించమని కొనేవాళ్లు అడగవచ్చు.