సినిమాకి ఎప్పుడు పాడతారు?

తమ పాట తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, గిటారూ డ్రమ్సూ పెట్టుకుని తామే వాయించుకునే తెలుగు కుర్రాళ్లని ఎవరైనా ఇంటర్వ్యూ చేస్తుంటే ఓసారి వినండి. మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో ఇదే ఉంటుంది: “మరి సినిమాకి ఎప్పుడు పాడతారు?” అడిగేవాళ్లు ప్రేమగానే అడుగుతారు. నాకు ఒళ్లు మండేది ఆ ప్రేమకే. ఇప్పటిదాకా మీరు చేసింది దరఖాస్తు, పాట ఇకముందు వస్తుంది అని దాని అర్థం. సినిమా రైలొచ్చేదాకా కూర్చునే వెయిటింగ్ హాలన్నమాట, బ్యాండంటే.

ఈ ప్రశ్న ఇంకెక్కడైనా చెల్లుతుందేమో గానీ మా సాలూరులో చెల్లకూడదు. సాలూరు రాజేశ్వరరావు పుట్టిన శివరామపురం మాకు పక్కనే. 1922లో పుట్టిన ఆయన ‘చంద్రలేఖ’ (1948), ‘మల్లీశ్వరి’ (1951) చెయ్యకముందే గ్రామఫోన్ రికార్డుల మీద తెలుగువాళ్ల ఇళ్లల్లోకి వెళ్లిపోయాడు. ఒంటరిగానూ, రావు బాలసరస్వతీదేవితో కలిసీ పాడిన ఆ పాటలకి కథ లేదు, హీరో లేడు, తెర లేదు. రికార్డుకి ఒక పక్క పట్టినంత పాట, అంతే. అప్పట్లో వాటిని ప్రైవేటు పాటలన్నారు. తర్వాత లలితసంగీతం అని కాస్త గౌరవమైన పేరు పెట్టారు. ఇవాళ కుర్రాళ్లు ఇండిపెండెంట్ మ్యూజిక్ అంటున్నదానికి మన ఇంట్లో ఉన్న పాత పేర్లు ఇవే. ఇక ఇటు పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి, వంగపండు ప్రసాదరావు ఊరు. ఆయన గజ్జె కట్టి ఆడిన పాటలు ముందు ఊళ్లకి ఊళ్లు నోటికెక్కాయి, సినిమా ఆ తర్వాత వాటి వెనక పడింది.

వీళ్లకీ రాక్‌కీ ఏమిటి సంబంధం అంటారా? ఎలక్ట్రిక్ గిటారు లేదు, ఒప్పుకుంటాను. నిర్మాత పిలుపు కోసం ఎదురుచూడకుండా పాట పూర్తిచేసి జనం మధ్య పెట్టడం ఉంది. నాకు ఆ సంబంధం చాలు.

చౌరస్తా బ్యాండు సంగతే తీసుకోండి. 2020 లాక్‌డౌన్లో కరోనా మీద వాళ్లు కట్టిన పాట మా ఊరి లారీ డ్రైవర్ల ఫోన్లలో కూడా మోగింది. ఆ బ్యాండు గొంతు రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడాడు, 2022లో ‘డీజే టిల్లు’ పాట చేశాడు, అందరికీ తెలిశాడు. ఆయన సినిమాకి వెళ్లడం మీద నాకేం పేచీ లేదు. ఇంటద్దె అందరికీ ఉంటుంది. నా పేచీ రాసేవాళ్లతో. బ్యాండుగా చేసిన పాటలన్నిటినీ ‘తొలి రోజులు’ అని ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు. రెగే తాళం మీద మన పల్లె గొంతు ఎలా కూర్చుంది, ఎక్కడ కూర్చోలేదు, బేస్ గిటారు ఎక్కడ ఆగి మాటకి చోటిచ్చింది, ఇవి రాసినవాళ్లు ఎందరు? మలయాళంలో అవియల్ బ్యాండు 2008లో ఆల్బమ్ వేసింది, పక్కా రాక్, పక్కా మలయాళం. 2011లో ‘సాల్ట్ అండ్ పెప్పర్’ సినిమా వాళ్ల చేత పాట చేయించుకుంటే బ్యాండు బ్యాండుగానే వెళ్లింది. అక్కడా సినిమా పెద్దదే కదా. మన హైదరాబాదు నుంచే గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు 2018లో ‘స్వార్మ్’, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ ఖేయాస్’ తెచ్చింది. వాళ్లది ఇంగ్లీషు, పైగా గర్జన. తెలుగు పత్రికకి అదో గ్రహాంతర వ్యవహారం.

ఇక రాసే కొద్దిమంది రాసేది చూస్తే అంతకన్నా దిగులు. “మన కుర్రాళ్లు, ప్రోత్సహించాలి.” “అభినందనీయమైన ప్రయత్నం.” పెళ్లిలో చదివింపుల కవరు ఇచ్చినట్టు ఇస్తారు ఈ మాటల్ని. పాట విన్న ఆనవాలు ఒక్కటీ ఉండదు. వెయ్యిమంది కూడా వినని బ్యాండుని పట్టుకోవడం ఈమధ్య ఒక గొప్పగా కూడా తయారైంది. ఎవరికీ తెలియని బ్యాండ్లలో చెత్తవి బోలెడు. వాటిని చెత్త అని రాసేవాడుంటేనే, మంచిది అని అతను రాసిన రోజున నేను ఇయర్‌ఫోన్లు వెతుక్కుంటాను.

సరే, ఏం వినాలి? ముందు భాష వినండి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లీషు రాక్ పాటలో ‘స్టాప్’ అని గుద్దినట్టు ఆపెయ్యొచ్చు, వెనక డ్రమ్ముతో పాటు మాట కూడా ఠక్కున ఆగుతుంది. మనకి ఆ సౌకర్యం తక్కువ. అందుకని చాలామంది గాయకులు చివరి ఉకారాన్ని మింగేస్తారు. నువ్వు ‘నువ్’ అవుతుంది, నేను ‘నేన్’ అవుతుంది. మాట్లాడేటప్పుడు మనమూ మింగుతాం, నిజమే. కానీ ప్రతి పాదం చివరా మింగితే అది తెలుగు మాటలు తొడుక్కున్న ఇంగ్లీషు పాట. రెండోది, హ్రస్వం దీర్ఘం. బీటు కోసం ‘పడు’ని సాగదీస్తే ‘పాడు’ అవుతుంది. కింద పడమన్నాడో, పాట పాడమన్నాడో, పాడైపొమ్మన్నాడో వినేవాడు తేల్చుకోవాలి! ఈ చిక్కుని తెలివిగా దాటిన పాటలున్నాయి, అచ్చునే అరుపుగా మార్చుకున్నవి. అలాంటి చోటు దొరికితే ఏ నిమిషంలో ఉందో కూడా రాయండి. రాసినవాడికి చెవులున్నాయని బ్యాండుకీ తెలుస్తుంది.

రెండో సంగతి నాకు ఇంకా దగ్గరిది. మా ఊరు దాటితే ఘాటీ మొదలు. పాచిపెంట కొండల మీదుగా రోడ్డు కొరాపుట్ వైపు ఎక్కుతుంది. ఆ కొండల్లో, అటు అరకులో థింసా ఆడేటప్పుడు మోగే తుడుము, కిరిడి, మోరి ఇప్పుడు ఫ్యూజన్ బ్యాండ్లకి బాగా పనికొస్తున్నాయి. ఎలక్ట్రిక్ గిటారు మొదలవకముందు పది సెకన్లు తుడుము. వెంటనే సమీక్షకుడు “మట్టి వాసన” అని రాసేస్తాడు. ఏ మట్టి? ఏ ఊరు? వాయించిందెవరు? పాట వివరాల్లో గిటారు వాయించినవాడి పేరుంటుంది, మిక్సింగ్ చేసినవాడి పేరుంటుంది, కొండమనిషి పేరు దగ్గర ‘సంప్రదాయం’ అని ఉంటుంది. 2012లో కాపీరైటు చట్టం సవరించాక పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా గట్టిపడింది. ‘సంప్రదాయం’ అనే మనిషికి ఏ బ్యాంకులో ఖాతా ఉంది?

చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018లో వేదికెక్కినప్పుడు గానా పాడేవాళ్లని శాంపిల్‌గా వాడుకోలేదు, మైకు ముందు నిలబెట్టింది. గిటారు వాళ్ల పక్కన నిలబడింది. అది నచ్చిందా లేదా అన్నది వేరే చర్చ, వాళ్ల పాటల్లో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఎవరు వాయిస్తున్నారో, ఎవరు పాడుతున్నారో కనపడింది.

మా దగ్గర ఒకాయన ఉన్నాడు, తుడుము వాయిస్తాడు. ఎవరో కుర్రాళ్లు కారులో వచ్చి ఓ పూట రికార్డు చేసుకుని వెళ్లారట. “పాట వచ్చిందేటి బాబూ? ఫోన్లో ఓపాలి వినిపించగలవా?” అని నన్నడిగాడు. బ్యాండు పేరు ఆయనకి తెలీదు, ఆయన పేరు బ్యాండు రాసుకోలేదు. వందలకొద్దీ పాటల్లో ఏదని వెతకను? ఈసారి కొత్త బ్యాండొకటి దొరికిందని మీరు రాసేటప్పుడు వాళ్లకి ఫోను చేసి ఆ పది సెకన్లు ఎవరివో అడగండి. చెప్తే ఆ పేరు వెయ్యండి. చెప్పలేకపోతే, చెప్పలేకపోయారని వెయ్యండి.