విలీనాన్ని మరువని మేయర్

నేను రోజూ రైలెక్కే స్ట్రీట్స్‌విల్ ఇవాళ కెనడాలోని మిస్సిసాగా నగరంలో ఒక భాగం. ఒకప్పుడు అది సొంత మేయర్ ఉన్న ఊరు. 1970లో ఆ కుర్చీ ఎక్కిన హేజెల్ మెక్‌కాలియన్ తన ఊరిని పక్క ఊర్లతో కలపొద్దని కొట్లాడారు. ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం వినలేదు. 1974లో స్ట్రీట్స్‌విల్‌ను, పోర్ట్ క్రెడిట్‌ను మిస్సిసాగాలో కలిపేసి, వాటి నెత్తిన పీల్ రీజియన్ అనే మరో పాలనా వ్యవస్థను కూర్చోబెట్టింది.

1956 విలీనం తెలిసిన మనకు ఇది కొత్త కథ కాదు. ఆ తర్వాత ఆమె ఏం చేశారన్నదే మనం చూడాల్సింది.

ఏ నగరంలో కలవొద్దన్నారో అదే నగరానికి 1978లో మేయరయ్యారు. మరుసటి ఏడు నవంబర్‌లో క్లోరిన్ ట్యాంకు ఉన్న గూడ్సు రైలు పట్టాలు తప్పి మంటలు లేచాయి. రెండు లక్షల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. కాలు బెణికినా ఆమె కుంటుకుంటూనే తిరిగారు. జనం అది మరిచిపోలేదు. వరుసగా 12 సార్లు గెలిపించారు. 2014లో 93 ఏళ్ల వయసులో తనంతట తానే తప్పుకున్నారు.

ఆమె బలమంతా ఖజానాలో ఉంది. కొత్త కాలనీలకు కావాల్సిన సౌకర్యాల ఖర్చును బిల్డర్ల దగ్గరే రాబట్టి, ఏళ్ల తరబడి నగరాన్ని అప్పు లేకుండా నడిపారు. అట్లని తప్పులు లేవని కాదు. పొలాలన్నీ ఇండ్లయి, కారు లేనిదే కదలలేని ఊరు తయారైంది. కొడుకు కంపెనీకి సంబంధమున్న హోటల్ ప్రాజెక్టు విషయంలో ఆమె పదవికి, కుటుంబ ప్రయోజనానికి మధ్య గీత చెరిపేశారని 2011లో న్యాయ విచారణ తేల్చింది. ఎన్నిసార్లు గెలిచిన నాయకులనైనా నిలదీయాల్సిందే.

పీల్ నుంచి మిస్సిసాగా వేరుపడాలన్న పట్టు మాత్రం ఆమె విడవలేదు. 2023 జనవరిలో కన్నుమూశారు. జూన్‌లో పీల్‌ను రద్దు చేస్తూ ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. డిసెంబర్‌కల్లా అదే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2009 డిసెంబర్ చూసిన మనకు ఆ వెనకడుగు గురించి వేరే చెప్పాలా?

ఇక్కడికొచ్చిన చాలా ఏళ్లు నేను మున్సిపల్ ఎన్నికల్ని పట్టించుకోలేదు. మన కొట్లాట అంతా అక్కడిదే అనుకున్నాను. కానీ మన పన్ను ఎవరి చేతుల్లో ఉంది, మన ఊరి నిర్ణయం ఎవరు చేస్తున్నారు అనే ప్రశ్న ఎక్కడున్నా ఒక్కటే. ఓడిన కొట్లాటను మరిచిపోకుండానే చేతికొచ్చిన ఊరిని నిలబెట్టవచ్చని ఆమె చూపించారు. అక్కడ అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడుగుదాం.