లెక్క తెలిసినవారే హక్కు నిలుపుకోగలరు

వెనుకబడిన ముస్లిం సమూహాలకు రిజర్వేషన్ కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది ప్రధాన ఆక్షేపణల్లో ఒకటి. ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి 4 శాతం కోటా నిలిచింది. మన బిడ్డల సీట్లు ఒక సర్వే పద్ధతిపై ఆధారపడ్డాయని ఎందరు గుర్తించారు?

అమెరికాలో పాఠశాలల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి తీర్పు, వివక్ష పసిమనసుల్ని ఎలా గాయపరుస్తుందో చూపిన మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ క్లార్క్ రచనను ఉదహరించింది. మనసును చదివే శాస్త్రానికీ, అంకెలను తూచే శాస్త్రానికీ న్యాయస్థానంలో ఇంతటి విలువ ఉంది.

మరి ఈ రెండూ మన డిగ్రీ విద్యార్థులకు ఎలా అందుతున్నాయి? స్వయంప్రతిపత్తి కళాశాల తన పాఠ్యాంశాలను తానే రూపొందించుకుంటుంది. అనుబంధ కళాశాల విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికకు కట్టుబడుతుంది. సార్వత్రిక విశ్వవిద్యాలయ విద్యార్థికి ప్రధాన ఆధారం పాఠ్యపుస్తకమే. ఇంటర్‌లో ఆర్ట్స్ చదివి సైకాలజీలో చేరిన ఉర్దూ మాధ్యమ బాలికకు ప్రామాణిక విచలనం, సహసంబంధం వంటి మాటలు ఒక్కసారిగా ఎదురైతే, లోపం ఆమె తెలివిది కాదు, బోధనది.

ప్రభుత్వాలు అన్ని కళాశాలల్లో తొలి సెమిస్టరుకు ముందే గణిత వారధి తరగతులు నిర్వహించాలి. తెలుగు, ఉర్దూ పారిభాషిక పదకోశాలు ఉచితంగా అందించాలి. అధ్యాపకులు తమ బస్తీ సర్వేనే ప్రయోగ పాఠంగా మలచాలి. రేపటి కమిషన్ ముందు మన లెక్కను మనమే నిలబెట్టుకోవాలంటే, ఆ సాధన నేటి తరగతి గదిలోనే మొదలు కావాలి.